జంతువుల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

పొలంలో ఎలుకలు ఎక్కువైనా, ఊళ్ళోకి కోతుల మంద దిగినా, అడవిలో పులులు తగ్గాయన్నా మనం మొదట అడిగేది "ఎన్ని ఉన్నాయి?" అనే. ఆ వెంటనే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ సంఖ్యను ఇప్పుడు ఏది పట్టి ఆపుతోంది? మేతా, నీళ్ళా, చోటా, శత్రువులా, రోగమా? దీనికి జవాబు తెలియకుండా చేసే పని చాలాసార్లు వృథా పోతుంది, కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది. ఇంటర్ విద్యార్థులు, రైతులు, అడవుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ఒక చోట జంతువుల సంఖ్య ఎందుకు మారుతుంది?

నాలుగే కారణాలు. పుట్టుకలు, చావులు, బయటి నుంచి వచ్చి చేరేవి, ఇక్కడి నుంచి వెళ్ళిపోయేవి. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి. చివరి రెండింటినే మర్చిపోతాం.

చిత్తూరు జిల్లా ఏనుగుల సంగతి చూడండి. అక్కడి అడవుల్లో చాలా కాలం పాటు ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు వచ్చి స్థిరపడ్డాయి. ఆ తర్వాత 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. సున్నా నుంచి మొదలైన ఆ పెరుగుదలలో తొలి అడుగు పుట్టుకలది కాదు, వలసది. అవతలి అడవుల్లో ఏం జరిగిందో చూడకుండా ఇవతలి సంఖ్య అర్థం కాదు.

ఏ అడ్డూ లేకపోతే ఎంత వేగంగా పెరుగుతాయి?

ఏటా ఇన్ని అని కాకుండా, ఉన్నవాటిలో ఇంత శాతం అన్నట్టు పెరుగుతాయి. అంటే చక్రవడ్డీ లెక్క. దీన్నే ఘాతాంక పెరుగుదల అంటారు. గ్రాఫు గీస్తే ఇంగ్లీషు జె అక్షరంలా ఉంటుంది. మొదట్లో చాలాకాలం ఏమీ జరగనట్టే కనిపించి, తర్వాత ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తుంది.

ఎలుకకు గర్భం మూడు వారాలే. ఒక్క ఈతలో ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు. ఆ పిల్లలు రెండు, మూడు నెలల్లో మళ్ళీ ఈనడానికి సిద్ధమవుతాయి. ఏనుగుకు గర్భమే 22 నెలలు. అయినా ఏనుగులకూ ఈ లెక్క వర్తిస్తుంది. డార్విన్ దీన్ని లెక్కగట్టి చూపించాడు: ఒక్క జంటతో మొదలై, పుట్టినవన్నీ బతికి, తమ వంతు పిల్లల్ని కంటే 740, 750 ఏళ్ళకు దాదాపు కోటీ 90 లక్షల ఏనుగులు ఉంటాయి. నెమ్మదిగా కనే జంతువైనా సరే, ఆపేది లేకపోతే భూమి చాలదు. ఏనుగులతో భూమి నిండిపోలేదు కాబట్టి ఆపేవి ఉన్నాయన్నమాట.

నిజంగా అలా పెరిగిన ఉదాహరణ ఏదైనా ఉందా?

ఉంది. అలాస్కా పక్కన, బేరింగ్ సముద్రం మధ్యలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. వైశాల్యం 330 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మనుషులు స్థిరంగా ఉండరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కోస్ట్ గార్డ్ అక్కడ ఒక చిన్న రేడియో స్టేషన్ పెట్టింది. ఓడలు రాలేని రోజుల్లో సిబ్బందికి మాంసం ఉండాలని 1944లో 29 రెయిన్‌డీర్లను తెచ్చి వదిలారు. వాటిలో 24 ఆడవి, 5 మగవి. కొంతకాలానికి సిబ్బంది వెళ్ళిపోయారు. జింకలు ఉండిపోయాయి.

తోడేళ్ళు లేవు, వేటగాళ్ళు లేరు. నేలంతా తరతరాలుగా ఎవరూ మేయని లైకెన్, అంటే నేలకూ రాళ్ళకూ అంటుకుని నాచులా పెరిగే జీవి, మందంగా పరుచుకుని ఉంది. చలికాలంలో ఆ జింకలకు అదే ప్రాణాధారం. డేవిడ్ క్లైన్ అనే జీవశాస్త్రవేత్త 1957లో వెళ్ళి లెక్కపెడితే 1,350 తేలాయి. అంటే పదమూడేళ్ళ పాటు సగటున ఏటా మూడో వంతు చొప్పున పెరిగాయి. 1963లో మళ్ళీ వెళ్తే 6,000. చదరపు కిలోమీటరుకు 18.

ఆ చలికాలం చాలా కఠినంగా వచ్చింది. 1966లో క్లైన్ బృందం మళ్ళీ దీవి మీద దిగేసరికి ఎక్కడ చూసినా ఎముకలే. బతికి ఉన్నవి 42. వాటిలో 41 ఆడవి, ఒక్కటే మగది. ఆ మగదాని కొమ్ములు కూడా సరిగ్గా ఎదగలేదు. ఒక్క పిల్ల కూడా కనిపించలేదు. 1980లు వచ్చేసరికి దీవి మీద జింక అనేదే మిగల్లేదు.

మేత అయిపోతోందని ముందే తెలిసే అవకాశం లేదా?

ఉంది. సంఖ్యలో కాదు, జంతువుల ఒంట్లో. 1957లో ఆ జింకలు బలిసి ఉన్నాయి. 1963లో సంఖ్య నాలుగింతలకు పైగా పెరిగింది కానీ పెద్ద జింకల సగటు బరువు సుమారు 40 శాతం పడిపోయింది. గుంపులో పిల్లల వాటా కూడా తగ్గింది. గుంపు బయటికి కళకళలాడుతూ కనిపిస్తున్న రోజుల్లోనే లోపల ఆకలి మొదలైంది. పశువులు కాసేవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. మంద ఎంత పెద్దదో చూడటంకన్నా డొక్కలు ఎలా ఉన్నాయో చూడమని వాళ్ళే చెబుతారు.

అసలు చిక్కు ఆలస్యంలో ఉంది. లైకెన్ ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న నిల్వను జింకలు కొద్ది ఏళ్ళలో తినేశాయి. నిల్వ ఉన్నంతకాలం పిల్లలు పుడుతూనే ఉంటారు, ఆ పిల్లలు తినాల్సిన మేత మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది. హద్దు దాటాక కానీ హద్దు దాటామని తెలియదు. దాటిన తర్వాత ఆ నేలకు మునుపటి శక్తి కూడా ఉండదు.

భరించే సామర్థ్యం అంటే ఏమిటి?

ఒక చోటు తన మేత, నీళ్ళు, నీడ పాడుకాకుండా ఎంత సంఖ్యను ఏళ్ళ తరబడి పోషించగలదో అదే దాని భరించే సామర్థ్యం. క్యారీయింగ్ కెపాసిటీ అని మీరు క్లాసులో విని ఉంటారు. ఇది రాయి మీద చెక్కిన అంకె కాదు. వానలు బాగా పడిన ఏడాది పెరుగుతుంది, కరువులో తగ్గుతుంది. అదే అడవి దుప్పులకు ఒక సంఖ్యను, పులులకు ఇంకొక సంఖ్యను ఇస్తుంది.

1838లో బెల్జియంకు చెందిన వెర్హుల్స్ట్ అనే గణితవేత్త దీన్ని ఒక సూత్రంగా రాశాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1920లో అమెరికాలో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ స్వతంత్రంగా అదే సూత్రానికి వచ్చారు. దాని సారం చిన్నదే: సంఖ్య హద్దుకు దగ్గరవుతున్న కొద్దీ పెరుగుదల మందగిస్తుంది.

అంకెలతో చూద్దాం. ఒక చోటు 1,000 జింకల్ని భరిస్తుంది, అడ్డు లేకపోతే అవి ఏటా 50 శాతం పెరుగుతాయి అనుకోండి. 100 ఉన్నప్పుడు 90 శాతం చోటు ఖాళీ. కాబట్టి పెరుగుదల 100లో సగం, అందులో 90 శాతం, అంటే 45. 500 ఉన్నప్పుడు 250లో సగం, అంటే 125. 900 ఉన్నప్పుడు 450లో పదో వంతు, అంటే మళ్ళీ 45. మొదట నెమ్మది, మధ్యలో వేగం, చివర నెమ్మది. గ్రాఫు ఎస్ ఆకారంలో వస్తుంది.

నిజ జీవితంలో ఇంత నునుపుగా జరగడం అరుదు. సెయింట్ మాథ్యూలో గీత ఎస్ కాలేదు, కొండెక్కి లోయలో పడింది. సూత్రం తప్పని కాదు. మేత తగ్గిన ప్రభావం వెంటనే పుట్టుకల మీద పడుతుందని అది అనుకుంటుంది. అక్కడ అలా పడలేదు.

సగం దగ్గర వేగం ఎక్కువ కదా, చేపల్ని ఆ మట్టానికి తెచ్చి ఏటా పెరిగినంత పట్టుకోవచ్చా?

కాగితం మీద పట్టుకోవచ్చు. ప్రపంచంలో చాలా దేశాల చేపల వేట లెక్కలు ఈ ఆలోచన మీదే నడిచాయి. ఇబ్బంది ఏమిటంటే సముద్రంలో చేపలెన్నో, భరించే సామర్థ్యం ఎంతో రెండూ అంచనాలే. అంచనా కాస్త ఎక్కువ వేస్తే ఏటా పెరిగినదానికన్నా ఎక్కువ పట్టేస్తాం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపలకు ఇదే జరిగింది. వందల ఏళ్ళు జనాన్ని పోషించిన చేప, 1992 జులైలో వేట పూర్తిగా ఆపేయాల్సినంతగా తరిగిపోయింది. వేలాది కుటుంబాల ఉపాధి పోయింది. వేట ఆపాక కూడా చేప తిరిగి పుంజుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది కదా. అది ఎంత పట్టాలన్నది చెప్పదు, గుడ్లు పెట్టే వేళ వదిలేయమంటుంది. అంచనాలు తప్పినా కొంత రక్షణ ఇస్తుంది కాబట్టి ఈ పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆ రెండు నెలలు మత్స్యకార కుటుంబాలకు భృతి సకాలంలో అందడం కూడా ఆ రక్షణలో భాగమే.

సాంద్రత మీద ఆధారపడే కారణాలు, ఆధారపడని కారణాలు అంటే?

గుంపు పెద్దదయ్యే కొద్దీ గట్టిగా పనిచేసేవి మొదటి రకం: మేత కొరత, గూళ్ళ కోసం పోటీ, అంటురోగాలు. గుంపు పదిదైనా పదివేలదైనా ఒకేలా కొట్టేవి రెండో రకం: తుపాను, వడగాలి, వరద. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడు మందలో ఎన్ని పశువులున్నాయని చూడలేదు.

పరీక్షల్లో వీటిని విడివిడిగా రాయమంటారు కానీ, బయట రెండూ కలిసే వస్తాయి. సెయింట్ మాథ్యూలో చలి రెండో రకం. ఆ చలికి అన్ని జింకలు చచ్చిపోవడానికి కారణం అవి అప్పటికే బక్కచిక్కి ఉండటం, అది మొదటి రకం.

సంఖ్యను అదుపు చేసేది వేటాడే జంతువా, మేతా?

దీని మీద దశాబ్దాలుగా వాదన ఉంది. ఉత్తర కెనడాలో మంచు కుందేళ్ళు, వాటిని తినే లింక్స్ అనే అడవి పిల్లి సుమారు పదేళ్ళకొకసారి పెరుగుతూ పడుతూ ఉంటాయి. తోళ్ళ వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీ ఖాతాల్లో ఈ ఊపు స్పష్టంగా కనబడుతుంది. లింక్స్ తినడం వల్ల కుందేళ్ళు తగ్గుతున్నాయా, మేత అయిపోయి తగ్గుతున్నాయా?

తేల్చడానికి యూకాన్‌లోని క్లువానే దగ్గర ఛార్లెస్ క్రెబ్స్ బృందం పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని చోట్ల వేటాడే జంతువులు రాకుండా కంచె వేశారు, కొన్ని చోట్ల అదనంగా మేత పెట్టారు, ఒక చోట రెండూ చేశారు. కంచె ఒక్కటే ఉన్నచోట కుందేళ్ళు రెండింతలయ్యాయి. మేత ఒక్కటే పెట్టినచోట మూడింతలు. రెండూ ఉన్నచోట పదకొండింతలు! రెండూ మూడూ కలిపినా ఐదే, గుణించినా ఆరే. ఆకలిగా ఉన్న కుందేలు మేత కోసం ప్రమాదం ఉన్న చోటికీ వెళ్తుంది, బలం లేక సులభంగా దొరుకుతుంది. వేటగాడూ ఆకలీ విడివిడి శత్రువులు కావు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇదే.

అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఐల్ రాయల్ అనే దీవి ఉంది. అక్కడి తోడేళ్ళను, మూస్ అనే పెద్ద జింకల్ని 1958 నుంచి ఆపకుండా లెక్కపెడుతున్నారు. 1980లో తోడేళ్ళు 50. రెండేళ్ళలో 14. కారణం మూస్ కాదు, మనుషుల కుక్కల నుంచి వచ్చిన పార్వో వైరస్. తోడేళ్ళు తగ్గడంతో మూస్ పెరిగి 1990ల మధ్యలో 2,400 దాకా చేరాయి. 1996లో మేత చాలక, కఠినమైన చలితో కుప్పకూలాయి. తోడేళ్ళు మాత్రం దగ్గరి రక్తసంబంధాల్లోనే జతకట్టి, వెన్నెముక లోపాలతో క్షీణించి, 2016కు రెండే మిగిలాయి. 2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్ళను తెచ్చి వదిలారు. మేత, వేట, రోగం, రక్తసంబంధం, వాతావరణం – ఒక్క దీవిలో అన్నీ తలా ఒకసారి పగ్గాలు పట్టాయి. ఒకే కారణం చెప్పేవాళ్ళను అందుకే తొందరపడి నమ్మకూడదు.

నల్లమల అంత పెద్ద అడవి కదా, ఇంకా ఎక్కువ పులులు ఎందుకు లేవు?

పులికి కావాల్సింది చెట్లు కాదు, దుప్పులూ కణితులూ అడవిపందులూ. ఒక పులి ఏడాదికి జింక పాటి జంతువులు 50 వరకు తింటుంది. మంద తరిగిపోకుండా ఏటా అన్ని అందాలంటే సుమారు 500 జంతువులు ఉండాలి. శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ ఏళ్ళుగా చెబుతున్న లెక్క ఇది.

నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ కలిస్తే దేశంలోని అతి పెద్ద పులుల ప్రాంతాల్లో ఒకటి. కానీ నల్లమలలో చాలా భాగం ఎండిన ఆకురాల్చే అడవి, రాతి నేల. ఎండాకాలం నీళ్ళు తక్కువ, పచ్చిక తక్కువ. కాజీరంగాలాంటి వరద మైదానపు గడ్డిభూముల్లో చదరపు కిలోమీటరుకు ఉండే మేతజంతువులు ఇక్కడ ఉండవు. కాబట్టి వైశాల్యం పెద్దదైనా పులుల సాంద్రత తక్కువగానే ఉంటుంది. ఉచ్చులు ఆపడం, నీటిగుంటలు నిలపడం, దుప్పుల్ని కాపాడటం చేస్తే పులులు తమంతట తామే పెరుగుతాయి. దేశం మొత్తం మీద 2006లో 1,411గా ఉన్న అంచనా 2022 లెక్కకు 3,682కు చేరింది.

మందు కొట్టాక సుడిదోమ తగ్గకుండా పెరగడం ఏమిటి?

వరి రైతులు చాలామంది చూసిందే, పుస్తకాల్లో కూడా ఉన్నదే. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. ఒక్క ఆడదోమ రెండు, మూడు వందల గుడ్లు పెట్టగలదు. సుమారు నెలకొక తరం. ఈ వేగంతో అది ప్రతి పంటనూ మింగేయాలి. మింగలేకపోతోందంటే కారణం సాలీళ్ళు, మిరిడ్ నల్లులు. మిరిడ్ నల్లి ఆకుతొడుగులో దాగిన గుడ్లను వెతికి పీల్చేస్తుంది.

అన్నిటినీ చంపే మందు కొడితే ముందు పోయేది ఈ మిత్రపురుగులే. దోమ గుడ్లు ఆకుతొడుగు లోపల ఉండిపోతాయి. వారం, పది రోజుల్లో పిల్లదోమలు బయటికి వచ్చేసరికి తినేవాడు లేడు. కొన్ని సింథటిక్ పైరిత్రాయిడ్ మందులతో ఇది మరీ ఎక్కువ. దానికి తోడు యూరియా దండిగా వేస్తే దోమకు ఇంకా మంచి ఆహారం. పురుగు సంఖ్యను అదుపు చేస్తున్న రెండు పగ్గాలనూ మనమే తెంచినట్టు.

ఇండోనేషియాలో 1970లు, 80లలో ఇదే జాతీయ సమస్య అయింది. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించి, రైతులకు మిత్రపురుగుల్ని గుర్తుపట్టడం నేర్పింది. మందులు తగ్గినా దిగుబడి పడిపోలేదు.

సుడిదోమలో ఇంకో విశేషం ఉంది. దుబ్బు మీద దోమలు తక్కువగా, పంట లేతగా ఉంటే పొట్టి రెక్కల దోమలు ఎక్కువ పుడతాయి. అవి ఎగరలేవు, అక్కడే గుడ్లు పెడతాయి. కిక్కిరిసిపోయి పంట ముదిరితే పొడవు రెక్కలవి తయారై వేరే పొలాలకు ఎగిరిపోతాయి. గుంపు సాంద్రతను ఒంట్లోనే కొలిచి, ఉండాలో వెళ్ళాలో తేల్చుకునే పురుగు ఇది. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని వ్యవసాయ అధికారులు చెప్పేది కూడా గాలి, వెలుతురు దుబ్బు మొదలుదాకా చేరి ఈ దోమకు చోటు నచ్చకుండా పోవాలనే.

ఎలుకల్ని ఏటా చంపుతున్నాం, మళ్ళీ ఏటా వస్తాయే?

సగం ఎలుకల్ని చంపితే మిగిలిన సగానికి మేత, కలుగులు రెండింతలు దొరుకుతాయి. పై లెక్కలో 900 నుంచి 500కు తెచ్చినట్టు. అంటే వాటిని అత్యంత వేగంగా పెరిగే మట్టానికి మనమే దించాం. పక్క పొలం ఎలుకలు ఖాళీ కలుగుల్లోకి దిగుతాయి.

డెల్టాలో ఎలుకలు, పందికొక్కులు వరి పొట్టకు వచ్చి ఈనే దశలో జోరుగా పిల్లల్ని పెడతాయి. కాబట్టి దెబ్బ అంతకుముందే, నాటిన తొలి వారాల్లో, గట్లతో సహా ఊరంతా ఒకేసారి కొట్టాలి. అప్పుడు సంఖ్య తక్కువ, మేత తక్కువ. పొలాలు వేర్వేరు వారాల్లో నాటితే ఎలుకలకు ఒకదాని తర్వాత ఒకటి పొట్టపైరు దొరుకుతూనే ఉంటుంది. యానాదులు కలుగు చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగలరు, పొగబెట్టి పట్టగలరు. గోదావరి జిల్లాల్లో ఎలుక బుట్టలు పెట్టేవాళ్ళకూ ఆ నేర్పు ఉంది. ఆ పనికి సరైన కూలి ఇచ్చి ముందే పిలిస్తే మందుల ఖర్చు తగ్గుతుంది.

ఊళ్ళో కోతులు, వీధికుక్కలు తగ్గాలంటే?

ఇక్కడ పగ్గం ఆహారం. కోతి ఒక ఈతకు ఒక్క పిల్లనే కంటుంది, ఎలుకలా పెరగదు. అయినా ఊళ్ళలో పెరుగుతోందంటే పుట్టిన పిల్లలు ఎక్కువగా బతుకుతున్నాయి, కొత్త గుంపులు వచ్చి చేరుతున్నాయి. చెత్తకుప్పలు, గుళ్ళ దగ్గర అరటిపళ్ళు, రోడ్డు పక్క కారు ఆపి వేసే బిస్కెట్లు, మక్కజొన్న చేలు. మన దక్షిణాది కోతి ఉన్న చోట్లకు ఉత్తరాది రీసస్ కోతి కూడా జరుగుతూ వస్తోంది. పట్టి ఇంకో ఊరి అడవిలో వదిలితే బాధ ఆ ఊరికి మారుతుంది, ఇక్కడి ఖాళీ మళ్ళీ నిండుతుంది. దయతో వేసే తిండి ఆపడం చాలామందికి కష్టంగా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ఆ తిండే గుంపును రోడ్డు మీదికి, బండ్ల కిందికి తెస్తోంది.

కుక్కల విషయంలో 2001 జనన నియంత్రణ నిబంధనలు, వాటి బదులు వచ్చిన 2023 నిబంధనలు రెండూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంటాయి. చోటు ఖాళీ అయితే ఆపరేషన్ కాని కుక్కలు వచ్చి చేరతాయన్నది దాని వెనక ఆలోచన. ఒక ప్రాంతంలో సుమారు 70 శాతం కుక్కలకు తక్కువ వ్యవధిలో ఆపరేషన్లు జరిగితేనే సంఖ్య మీద ప్రభావం కనబడుతుంది. ఏడాదంతా అక్కడక్కడా చేస్తే పుట్టుకలు ముందుకెళ్ళిపోతాయి. మాంసం వ్యర్థాలు కుప్పగా పోసినంతకాలం ఏ పద్ధతైనా సగమే పనిచేస్తుంది.

రోగాన్ని వదిలి ఒక జాతిని అదుపు చేయవచ్చా?

ఆస్ట్రేలియా చేసింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం విక్టోరియాలో 24 కుందేళ్ళు వదిలాడు. అవి ఖండమంతా పాకాయి. 1950లో మిక్సోమా వైరస్‌ను వదిలితే మొదట్లో సోకినవాటిలో నూటికి 99కి పైగా చచ్చాయి. కొద్ది ఏళ్ళలోనే మెతక వైరస్ రకాలు మిగిలాయి, తట్టుకునే కుందేళ్ళు మిగిలాయి, సంఖ్య మళ్ళీ పెరిగింది. 1990లలో ఇంకో వైరస్ వచ్చింది. అదుపు దొరికింది కానీ ముగింపు దొరకలేదు.

రాబందులు ఎందుకు తిరిగి పెరగడం లేదు?

పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాల్ని చంపింది. తెల్లవీపు రాబందులు 1990ల నుంచి పదిహేనేళ్ళలో 99 శాతానికి పైగా పోయాయి. కారణం 2004లో ప్రచురితమైంది, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు.

రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. గుడ్డు పెట్టే వయసు రావడానికే కొన్నేళ్ళు పడుతుంది. ఇలాంటి జాతి బతుకంతా పెద్దపక్షులు దీర్ఘకాలం బతకడం మీద ఆధారపడి ఉంటుంది. ఏటా పెద్దపక్షుల్లో కొద్ది శాతం అదనంగా చచ్చినా పుట్టుకలు పూడ్చలేవు. ఎలుకల్లో సగం పోయినా ఒక్క పంటకాలంలో పూడిపోతుంది. జాతిని చూడకుండా "కొన్ని పోతే ఏమవుతుంది" అనడం అందుకే ప్రమాదం.

సంఖ్య తక్కువైతే పోటీ తగ్గి వేగంగా పెరగాలి కదా?

ఒక మట్టం దాకా అంతే. మరీ తక్కువైతే జత దొరకదు, గుంపుగా కాపలా కాసుకోలేవు, రక్తసంబంధాల్లో లోపాలు వస్తాయి. దీన్ని 1930లలో అమెరికా జీవశాస్త్రవేత్త వార్డర్ అల్లీ గమనించాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. ఉత్తర అమెరికాలో కోట్లాది సంఖ్యలో ఉన్న పాసెంజర్ పావురం వేటతో తరిగిపోయింది. చివరి పక్షి మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చనిపోయింది. పెద్ద గుంపుల్లో మాత్రమే గూళ్ళు కట్టే పక్షి అది.

మనకు దగ్గరి బాధ బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్). కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. చుట్టూ సాగునీరు వచ్చి పంటలు మారాయి, గడ్డిభూములు తగ్గాయి. అక్కడ కృష్ణజింకలు బాగా పెరిగాయి. బట్టమేక కనిపించడమే అరుదైపోయింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే ఈ పక్షి దేశం మొత్తం మీద 200 లోపే మిగిలింది. ఒకే నేల ఒక జంతువుకు కలిసొచ్చి ఇంకోదానికి కొరగాకుండా పోవడం రోళ్ళపాడు వెళ్ళినవాళ్ళకు కళ్ళారా తెలుస్తుంది.

ఇవన్నీ మనుషులకూ వర్తిస్తాయా?

కొంతవరకే. 1798లో మాల్థస్ జనాభా ఆహారాన్ని మించిపోతుందన్నాడు. కానీ ఆకలి లేకుండానే, చదువు, ఆరోగ్యం, ఆడవాళ్ళ నిర్ణయాలతో కాన్పులు తగ్గుతున్నాయి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండటానికి కావాల్సిన 2.1 కన్నా తక్కువ. జింకల గ్రాఫుతో దీన్ని చదవలేం.

అడవిలో జంతువుల్ని ఎలా లెక్కపెడతారు?

పులుల చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. కెమెరా ట్రాప్‌లలో పడిన ఫోటోల్ని పోల్చి ఏది ఏదో గుర్తిస్తారు. కెమెరాకు పడనివి ఎన్నో అంచనా కట్టడానికి పట్టి–వదిలి–పట్టే పద్ధతి ఉంది. చెరువులో 50 చేపలు పట్టి గుర్తు పెట్టి వదిలారనుకోండి. కొన్నాళ్ళకు 40 పడితే వాటిలో 10కి గుర్తు ఉంది, అంటే నాలుగో వంతు. అయితే మీరు గుర్తుపెట్టిన 50 కూడా చెరువులో నాలుగో వంతు అయి ఉండాలి. మొత్తం సుమారు 200. గుర్తు పెట్టిన చేపలు భయపడి వల తప్పించుకుంటే అంచనా ఎక్కువ వస్తుంది. ఇలాంటి లోపాల్ని సరిచేయడంలోనే సగం శ్రమ.

విద్యార్థులు సొంతంగా చేయగల ప్రాజెక్టు ఏదైనా ఉందా?

మీ ఊరి చెరువు చాలు. ఒకే గట్టు మీద, ఒకే దారిలో, ఒకే సమయానికి, ఉదాహరణకు ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకు నడుస్తూ కొంగలు, నీటికాకులు, బాతుల్ని విడివిడిగా లెక్కపెట్టండి. చెరువు నీటిమట్టాన్ని తూము దగ్గర ఒక గుర్తుతో కొలవండి. చేపలు పట్టిన రోజు, నీళ్ళు వదిలిన రోజు, కుక్కలు తిరిగిన రోజు పక్కన రాయండి. ఒక్క నెల అంకెలతో ఏమీ తేలదు. వలసపక్షులు వచ్చే చలికాలం, చెరువు ఎండే వేసవి, నిండే వానాకాలం మూడూ దాటాలి. అప్పుడు సంఖ్య పడిపోయిన ప్రతి వారం పక్కన ఏం రాసి ఉందో చూడండి. పక్షులు చచ్చాయా, పక్క చెరువుకు వెళ్ళాయా అన్నది తేల్చడానికి ఆ రోజే పక్క చెరువును లెక్కపెట్టే స్నేహితుడు ఒకరు ఉంటే మంచిది.